పాత టేకు బల్లకి చపడానా, పీయూనా?

పాలిష్ మేస్త్రీని ఇంటికి పిలిచి "చపడా వేస్తారా?" అని అడిగి చూడండి. మీ వంక ఒకసారి జాలిగా చూస్తాడు. "ఇప్పుడెవరు సార్ చపడా చేయించుకునేది? పీయూ కొట్టించేయండి, అద్దంలా ఉంటుంది, పదేళ్ళు చూసుకోనక్కర్లేదు." పీయూ అంటే పాలీయురిథేన్, స్ప్రే గన్‌తో కొట్టే గట్టి పూత. మా ఇంటికి వచ్చిన ముగ్గురూ ఇదే మాట అన్నారు. మూడో ఆయన మాట విన్నాను. దెబ్బతిన్నాను. తప్పు పీయూది కాదు, ఆ సంగతి తరవాత చెబుతాను.

చపడా అంటే లక్కే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు విడిచే జిగురును గీకి, కడిగి, కరిగించి, వడగట్టి పల్చటి రేకులుగా సాగదీస్తారు. బిళ్ళలుగా పోస్తే అది బటన్ లాక్. మన దేశంలో ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వస్తుంది. దీన్ని స్పిరిట్‌లో, అంటే పాలిష్‌కి వాడే ఆల్కహాల్‌లో, నానబెట్టి కుంచెతో పూస్తే మామూలు స్పిరిట్ పాలిష్. అదే ద్రావణాన్ని గుడ్డ చుట్టిన దూది ఉండతో పొర మీద పొరగా రుద్ది మెరుపు తెస్తే ఫ్రెంచ్ పాలిష్. సరుకు ఒకటే, చేతిపని వేరు. అందుకని బేరం ఆడే ముందే "కుంచెతోనా, గుడ్డతోనా?" అని అడగండి, రెంటికీ కూలిలో చాలా తేడా ఉంటుంది.

ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ ఈ లక్కే. అక్కడ స్పిరిట్‌తో పనిలేదు. తిరుగుతున్న కర్రకి రంగు లక్క కడ్డీని నొక్కిపెడితే ఆ రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, దాన్ని మొగలి ఆకుతో రుద్ది నునుపు చేస్తారు. బల్లని అలా తిప్పలేం కాబట్టి మనకి స్పిరిట్ కావాలి.

పీయూ దారి పూర్తిగా వేరు. రెండు డబ్బాలు: ఒకటి అసలు సరుకు, ఇంకొకటి దాన్ని గట్టిపరిచే హార్డెనర్. కలిపాక రసాయన చర్య మొదలవుతుంది, కొద్ది గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యడమే. గన్‌తో కొడితే నిజంగానే అద్దంలా వస్తుంది. పైకి ఆ సాయంత్రానికే ఆరినట్టు కనిపించినా లోపల పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పడుతుంది. మధ్యలో మెలమైన్ అని ఇంకొకటుంది. ధర పీయూకన్నా తక్కువ, గట్టిదనం చపడాకన్నా ఎక్కువ. కానీ కొత్తలో దాని ఘాటుకి కళ్ళు మండుతాయి, లోపల ఫార్మాల్డిహైడ్ ఉంటుంది మరి. అద్దె ఇంటి కప్‌బోర్డులకి సరే, ఇష్టపడి దాచుకునే వస్తువుకి నేను వెయ్యను.

ఇక బల్ల మీద ఏం పెడతామన్నదే అసలు ప్రశ్న. ఈ విషయంలో చపడాని వెనకేసుకురాలేను. పొయ్యి మీంచి దించిన సాంబారు గిన్నె నేరుగా పెడితే మెత్తబడి ముద్ర పడుతుంది. చెమ్మగిల్లిన మంచినీళ్ళ గ్లాసు రాత్రంతా ఉంటే పొద్దున తెల్లటి వలయం. సెంటు ఒలికినా, శానిటైజర్ చుక్క పడినా పాలిష్ కరిగిపోతుంది, అందులో ఉండేది ఆల్కహాలే కదా. కరోనా రోజుల్లో మా టీపాయ్ మీద శానిటైజర్ సీసా పెట్టిన చోట గుండ్రంగా అంటుకుపోయి, సీసా లాగితే పాలిష్ దాంతోపాటే వచ్చింది. అమ్మోనియా కలిసిన అద్దాల క్లీనర్‌తో తుడిచినా ఇదే గతి. పీయూ వీటిని చాలావరకు తట్టుకుంటుంది. పిల్లలున్న ఇంట్లో డైనింగ్ టేబుల్‌కి చపడా వేయించుకుంటే తిండి తిన్నంతసేపూ టెన్షనే.

అయితే దెబ్బ తగలని వస్తువు ఉండదు. తగిలాక ఏమిటి? టీపాయ్ మీద పోయిన ఆ ముక్కని నేను పావుగంటలో సరిచేశాను. చపడా కొత్త పొర పాత పొరని కొంచెం కరిగించి దాంట్లో కలిసిపోతుంది, అతుకు కనిపించదు. నీటి వలయానికైతే పాలిష్ కూడా అక్కర్లేదు, దాదాపు ఆరిపోయిన స్పిరిట్ గుడ్డని అలా పైపైన తేల్చి లాగితే చాలాసార్లు పోతుంది. పీయూ గట్టిపడ్డాక కొత్త పొర పాతదాంట్లో కలవదు, మీద కూర్చుంటుందంతే. ఒక మూల లోతుగా చెక్కుకుపోతే అక్కడొక్కచోటే అతుకు వేస్తే అంచు తెలిసిపోతుంది. పలక మొత్తం శాండ్ పేపర్ కొట్టి మళ్ళీ గన్ పట్టాల్సిందే.

ఇప్పుడు నా దెబ్బ సంగతి. మా తాతగారి టేకు రాతబల్ల మీద పాత స్పిరిట్ పాలిష్ ఉంది. మేస్త్రీ పైపైన పేపర్ కొట్టి దాని మీదే పీయూ కొట్టాడు. మెరిసిపోయింది, అందరం మెచ్చుకున్నాం. రెండో వేసవికి అంచుల దగ్గర చేప పొలుసుల్లా లేవడం మొదలైంది. గోరుతో గీకితే రేకులు రేకులుగా ఊడి వచ్చేది. మామూలు చపడాలో సహజంగా కొంచెం మైనం ఉంటుంది, ఆ మైనం మీద పీయూ సరిగా పట్టదు. మైనం తీసిన చపడా వేరే దొరుకుతుంది. దాన్ని అడుగు పూతగా వేస్తే పీయూ చక్కగా నిలుస్తుంది. నూనె గుణం ఉన్న ఇరుగుడు లాంటి కర్రకైతే అలా వెయ్యడమే మేలు, లేదంటే కొన్నిసార్లు పీయూ సరిగా ఆరదు కూడా. కాబట్టి పాత సామానుకి ఏ పాలిష్ వేయించే ముందైనా కింది వైపు, కనబడని చోట, స్పిరిట్‌లో ముంచిన దూది అర నిమిషం ఆనించి చూడండి. జిగురుగా అంటుకుంటే అది చపడా.

మొత్తం గీకించి ఆ బల్లని చివరికి నేనే గుడ్డ పాలిష్ పట్టాను. లీటరు స్పిరిట్‌కి 250 గ్రాముల చపడా గాజు సీసాలో రాత్రంతా నానబెట్టి, పాత పంచె గుడ్డలో వడగట్టాను. ఇనప డబ్బాలో పెడితే నల్లబడుతుంది. ఉండకి పట్టేటప్పుడు అంతే స్పిరిట్ కలిపి పల్చన చేశాను. నిమ్మకాయంత దూది, దాని చుట్టూ ఉతికి ఉతికి మెత్తబడిన నూలు గుడ్డ. వేలితో నొక్కితే తడి తగలాలి, కారకూడదు. మొదటి రెండు మూడు రోజులు ప్యూమిస్ (నురగరాయి) పొడి చల్లి రుద్దితే టేకు రంధ్రాలు పూడతాయి. ఆ తరవాత సున్నాలు చుడుతూ, ఎనిమిది అంకె వేస్తూ రుద్దుతూ పోవడమే. ఒక్క క్షణం ఆపారో, ఇస్త్రీపెట్టె ఆపిన చోట చీర కాలినట్టు, ఉండ అంటుకుని పొర లేచిపోతుంది. చెయ్యి బరువెక్కినట్టు అనిపించగానే మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఒక్క చుక్క గుడ్డకి రాస్తే మళ్ళీ జారుతుంది. ఆ నూనె చివర్లో స్పిరిట్ గుడ్డతో తీసెయ్యాలి. రోజుకో గంట చొప్పున పన్నెండు రోజులు పట్టింది. భుజం నొప్పి వేరే.

కొన్ని జాగ్రత్తలు. వానాకాలంలో చపడా జోలికి పోకండి, గాలిలో చెమ్మకి పొగమంచు పట్టినట్టు తెల్లబడుతుంది. కలిపిన చపడా ఆరు నెలలు దాటితే గాజు పలక మీద చుక్క వేసి చూడండి, మర్నాటికీ జిగురు పోకపోతే పారబొయ్యండి. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది, దాంట్లో మిథనాల్ అనే విషం కూడా ఉండొచ్చు, కిటికీలు తెరిచి చేతికి గ్లవ్స్ వేసుకోండి. పీయూ ఇంకా ప్రమాదం. దాని హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకి చెరుపు చేస్తాయి, కొందరికి ఆస్తమా తెప్పిస్తాయి. ముక్కుకి రుమాలు కట్టుకుని గన్ పట్టే కుర్రాళ్ళని చూస్తే భయమేస్తుంది, రుమాలు ఆవిరిని ఆపదు. ఆవిరిని వడగట్టే డబ్బీలున్న కార్ట్రిడ్జ్ మాస్క్ ఉంటేనే పని మొదలుపెట్టమనండి.

డైనింగ్ టేబుల్, పిల్లల స్టడీ టేబుల్, వంటింటి చెక్క పని పీయూకి వదిలెయ్యండి. ఎండా వానా తగిలే వీధి తలుపుకి చపడా అసలే పనికిరాదు, బయట వాడే రకం పీయూ అని అడిగి కొనండి. తాతల నాటి బీరువా, పడక్కుర్చీ, అద్దం చట్రం, భోషాణం, నగల పెట్టె మాత్రం చపడాకే ఇవ్వండి. వీటిలో రోజూ చేతులు పడని చోట్లకి కుంచె పూత చాలు. గుడ్డ పాలిష్ కష్టం అంతా ముఖ్యమైన పైపలకకి దాచుకోండి. రాతబల్ల మీద మొన్న మా మేనల్లుడు కాఫీ గ్లాసు పెట్టి క్రికెట్ చూస్తూ మరిచిపోయాడు. వాడి చేతికే స్పిరిట్ గుడ్డ ఇచ్చాను.