ఎయిర్‌ఫ్లో కనెక్షన్లు: తాళంచెవి మార్చడం తేలిక, తాళం పడిందా అన్నదే చూసుకోవాలి

అపాచీ ఎయిర్‌ఫ్లో అంటే డేటా పనులను వేళకు నడిపించే సాఫ్ట్‌వేర్. అందులో కనెక్షన్ (బయటి సర్వీసు చిరునామా, లాగిన్, పాస్‌వర్డ్ దాచుకునే నమోదు) ఎలా పెట్టాలో వాడేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2 సిరీస్‌ను చాలాకాలంగా వాడుతున్నా ఇప్పటికీ ముచ్చటేసేది ఫెర్నెట్ కీని, అంటే ఆ పాస్‌వర్డ్‌లను ఎన్‌క్రిప్ట్ చేసే (గుప్తంగా మార్చే) తాళంచెవిని, మార్చే పద్ధతి. పేమెంట్ గేట్‌వే, ఎస్‌ఎమ్‌ఎస్ సర్వీసు, అకౌంటింగ్ ఏపీఐ అంటూ పదుల కొద్దీ పాస్‌వర్డ్‌లు డేటాబేస్‌లో పేరుకున్నా, ఒక్కటి కూడా మళ్లీ టైప్ చేయకుండా అన్నిటినీ కొత్త కీ కిందికి తెచ్చేయొచ్చు.

కిటుకంతా ఒక కామాలో ఉంది. ఎయిర్‌ఫ్లో కాన్ఫిగరేషన్ కోర్ సెక్షన్‌లో ఫెర్నెట్ కీ ఉన్నచోట ముందు కొత్త కీ, కామా, తర్వాత పాత కీ రాయాలి. షెడ్యూలర్, వెబ్‌సర్వర్, ట్రిగ్గరర్, వర్కర్లు (టాస్కులను నడిపే ప్రాసెస్‌లు), ఇలా ఎయిర్‌ఫ్లో భాగాలన్నిటికీ అదే విలువ ఇచ్చి రీస్టార్ట్ చేయాలి. అప్పుడు 'ఎయిర్‌ఫ్లో రొటేట్-ఫెర్నెట్-కీ' కమాండ్ నడపాలి. అది కనెక్షన్లతో పాటు వేరియబుల్స్‌ను (ఎయిర్‌ఫ్లోలో దాచుకునే సెట్టింగులు) కూడా కొత్త కీతో తిరగరాస్తుంది. పని అయ్యాక పాత కీ తీసేసి మరోసారి రీస్టార్ట్.

కీల వరుస మాత్రం తప్పకూడదు. ఎయిర్‌ఫ్లో రాసేటప్పుడు మొదటి కీనే వాడుతుంది, చదివేటప్పుడు వరుసగా అన్నీ ప్రయత్నిస్తుంది. పాతది ముందు పెడితే కమాండ్ నిశ్శబ్దంగా ముగుస్తుంది గానీ, అన్నీ మళ్లీ పాత కీతోనే ఎన్‌క్రిప్ట్ అవుతాయి. ఆ తర్వాత పాత కీ తీసేశారో, పాస్‌వర్డ్ కావాల్సిన ప్రతి టాస్కూ 'ఇన్‌వాలిడ్ టోకెన్' అని పడిపోతుంది. రీస్టార్ట్ మర్చిపోయిన వర్కర్‌లోనూ ఇదే ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే ప్రతి ప్రాసెస్ కీని ఒకసారి చదివి మెమరీలో పెట్టేసుకుంటుంది. ఒకే టాస్కు ఓ వర్కర్ మీద పడిపోయి, రీట్రైలో ఇంకో వర్కర్ మీద పాసవుతుంటే నెట్‌వర్క్‌ను అనుమానించే ముందు ఇది చూడండి. ఇంకోటి, కీ 44 అక్షరాలు, చివర సమాన గుర్తు ఉంటుంది. కాపీ చేసేటప్పుడు ఊడిపోయేది ఎక్కువగా అదే.

ఇంత పొగిడాక ఒక సవరణ చెప్పుకోవాలి. ఈ కమాండ్ ముట్టుకునేది ఎన్‌క్రిప్ట్ అయినట్టు గుర్తున్న డేటాబేస్ వరుసలనే. నేర్చుకునేవాళ్ల కోసం ఇచ్చే డాకర్ కంపోజ్ ఫైల్లో (ఎయిర్‌ఫ్లో భాగాలన్నిటినీ ఒకేసారి లేపే సెట్టింగుల ఫైలు) చాలాకాలం ఫెర్నెట్ కీ ఖాళీగానే వచ్చింది. కీ ఖాళీ అయితే పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టే డేటాబేస్‌లోకి పోతాయి. లాగ్‌లో ఒక హెచ్చరిక వస్తుంది, దాన్ని చదివే నాథుడు ఉండడు. ఆ ఫైలు ప్రొడక్షన్‌కు కాదని అందులోనే రాసి ఉంటుంది, అయినా అదే ప్రొడక్షన్‌కు ఎక్కడం మన దగ్గర మామూలే. ఆనక కీ పెట్టి, రొటేట్ కూడా నడిపి, అంతా భద్రమనుకుంటాం. పాత వరుసలు మాత్రం అలాగే మిగిలిపోతాయి. వాటిని ఒక్కొక్కటే తెరిచి, పాస్‌వర్డ్ మళ్లీ టైప్ చేసి సేవ్ చేయాల్సిందే. పరీక్ష సులువు: కనెక్షన్ టేబుల్లో పాస్‌వర్డ్, ఎక్స్‌ట్రా కాలమ్‌లు చూడండి. ఫెర్నెట్‌తో రాసిన విలువ ఎప్పుడూ చిన్నబడి 'జీ'తో మొదలై, వెంటనే ఐదు పెద్దబడి 'ఏ'లతో ఉంటుంది. అలా లేనిదేదైనా పచ్చి టెక్స్టే.

అసలు చిరాకు ఇది కూడా కాదు. ఎన్‌క్రిప్ట్ అయ్యేవి పాస్‌వర్డ్, ఎక్స్‌ట్రా ఈ రెండే. హోస్ట్, లాగిన్, స్కీమా, పోర్ట్ మామూలుగానే ఉంటాయి. డేటాబేస్ కనెక్షన్లకు ఇది చాలు. వెబ్ సర్వీసుల దగ్గరే బెడిసికొడుతుంది. స్ట్రైప్ లాంటి పేమెంట్ సర్వీసులు బేసిక్ ఆథ్‌లో (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లే పద్ధతి) ఏపీఐ కీనే యూజర్‌నేమ్‌గా ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా వదలమంటాయి. ఆ డాక్యుమెంట్ చూసి ఫారం నింపితే కీ నేరుగా లాగిన్ గడిలో పడుతుంది. ఎన్‌క్రిప్షన్ ఉండదు, లాగ్‌లలో చుక్కల ముసుగూ ఉండదు, కనెక్షన్ వివరాలు చూడగలిగే ప్రతి ఒక్కరికీ కనిపిస్తుంది. స్లాక్ వెబ్‌హుక్‌దీ (స్లాక్‌లోకి మెసేజ్ పంపే యూఆర్‌ఎల్) అదే తంతు. యూఆర్‌ఎల్ మొత్తాన్ని హోస్ట్‌లో అతికిస్తే దాని తోకలోని టోకెన్ కూడా బయటే ఉంటుంది. ఆ తోకను కత్తిరించి పాస్‌వర్డ్ గడిలో పెట్టాలి. హెచ్‌టీటీపీ కనెక్షన్ అయితే ఎక్స్‌ట్రాలో జేసన్‌గా 'ఆథరైజేషన్' హెడర్ రాసి, విలువగా 'బేరర్', ఖాళీ, కీ ఇవ్వండి. హెచ్‌టీటీపీ హుక్ (ఆ కనెక్షన్‌ను వాడే ఎయిర్‌ఫ్లో కోడ్) దాన్ని హెడర్‌గానే పంపుతుంది. ఎన్‌క్రిప్షన్, లాగ్‌లో ముసుగు రెండూ దక్కుతాయి. స్ట్రైప్ కూడా బేరర్‌ను ఒప్పుకుంటుంది.

ఫెర్నెట్ కీ పోగొట్టుకుంటే దిక్కు లేదు, అన్నీ మళ్లీ టైప్ చేసుకోవడమే. అలాగని డేటాబేస్ డంప్ (మొత్తం డేటా కాపీ), కీ ఉండే ఎన్విరాన్‌మెంట్ ఫైలు ఒకే స్టోరేజ్ బకెట్‌లో బ్యాకప్ పెడితే ఎన్‌క్రిప్షన్ ఉన్నా లేనట్టే. 'కనెక్షన్స్ ఎక్స్‌పోర్ట్' కమాండ్ ఇచ్చే ఫైలు కూడా పూర్తిగా విప్పిన టెక్స్టే. దాన్ని గిట్‌లోకి పోనివ్వకండి.

చిన్న టీమ్, ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, డ్యాగ్‌లు (టాస్కుల క్రమాన్ని చెప్పే పైథాన్ ఫైళ్లు) రాసేవాళ్లంతా నమ్మకస్తులు. నా వాడకం ఇంతవరకే, కాబట్టి నాకు ఇది సరిపోయింది. డ్యాగ్ రాయగలిగిన ఎవరైనా రెండు లైన్ల కోడ్‌తో ఏ పాస్‌వర్డ్‌నైనా చదవగలరు. ఫెర్నెట్ ఆపేది డేటాబేస్ డంప్ దొంగిలించినవాణ్నే, లోపలివాణ్ని కాదు. బయటి కాంట్రాక్టర్లు డ్యాగ్‌లు రాసే చోట నేనైతే ఇంత ధీమాగా చెప్పను. మీ కంపెనీలో హాషికార్ప్ వాల్ట్ (రహస్యాలు దాచే సాఫ్ట్‌వేర్) ఇప్పటికే నడుస్తుంటే సీక్రెట్స్ బ్యాకెండ్‌గా, అంటే పాస్‌వర్డ్‌లు తెచ్చుకునే చోటుగా, తగిలించండి, ఎయిర్‌ఫ్లో ముందు అక్కడే వెతుకుతుంది. కాకపోతే డ్యాగ్ ఫైల్లో పైవరుసల్లోనే వేరియబుల్ చదివే కోడ్ ఉంటే, ఫైలు పార్స్ అయిన (ఎయిర్‌ఫ్లో దాన్ని చదివిన) ప్రతిసారీ బ్యాకెండ్‌కు కాల్ పోతుంది. పార్సింగ్ డిఫాల్టుగా 30 సెకన్లకోసారి జరుగుతుంది కాబట్టి, కాల్ లెక్కన డబ్బు తీసుకునే క్లౌడ్ సర్వీసులో బిల్లు పెరుగుతుంది.

ఫెర్నెట్ కీ బయటపడిందని అనుమానం వస్తే మాత్రం రొటేట్‌తో సరిపెట్టుకోవద్దు. పాత డంప్ ఎవరి చేతిలోనైనా ఉంటే పాత కీతో అది ఇంకా తెరుచుకుంటుంది. ఒక్కో సర్వీసు డాష్‌బోర్డ్‌లోకి వెళ్లి అసలు ఏపీఐ కీలనే రద్దు చేయాలి, ముందు పేమెంట్ గేట్‌వేతో మొదలుపెట్టి.