లిబరేటరా, ప్యాకెట్టా? రెండు ‘ఎగిరే గూడ్సుపెట్టె’ల్లో ఏది మేలు

ఒకే వెక్కిరింపు రెండు విమానాలకు దక్కింది. రెండవ ప్రపంచ యుద్ధంలో బి-24 లిబరేటర్ బాంబర్‌ని చూసి అమెరికన్ సైనికులు ‘ఎగిరే గూడ్సుపెట్టె’ అని నవ్వుకున్నారు. కొన్నేళ్లకు ఫెయిర్‌చైల్డ్ కంపెనీ సి-119 అనే రవాణా విమానాన్ని తెచ్చినప్పుడు ఆ మాటనే దాని అధికారిక నామంగా పెట్టేశారు. మన వాయుసేనలో మాత్రం అది ‘ప్యాకెట్’. ఈ రెండూ మన దగ్గర పనిచేశాయి. రెండింటి మీదా బెంగళూరు పనివాళ్ల చెయ్యి పడింది. రెండూ ఇప్పుడు ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో సేదదీరుతున్నాయి. చివరికి రెక్కల కొలత కూడా ఒక్క అడుగు తేడాతో సరిపోతుంది: లిబరేటర్‌కి 110 అడుగులు, ప్యాకెట్‌కి 109. ఇంత సరిజోడు మళ్లీ దొరకదు.

ముందు రూపం సంగతి. లిబరేటర్ నేల మీద ఉన్నప్పుడు బీరువాను అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంటుంది. పక్కలు చదును, పొట్ట నేలకు బాగా దగ్గర, తోకకు రెండు వైపులా తాటాకు విసనకర్రల్లాంటి రెండు పలకలు. కానీ దాని రెక్క అలా కాదు. సన్నగా, పొడుగ్గా, భుజాల మీది నుంచి సాగిపోయే ఆ రెక్కను డేవిస్ అనే ఇంజనీరు రూపొందించాడు. గాలిలో దాన్ని కిందినుంచి చూస్తే ఎవరూ అనాకారి అనరు. అందుకే నా లెక్కలో లిబరేటర్ సగం అనాకారి మాత్రమే.

ప్యాకెట్‌కి ఆ సగం మినహాయింపు కూడా లేదు. ఎడ్లను విప్పేసిన బండిని ఊహించుకోండి: మధ్యలో తొట్టి, రెండు పక్కలా పొడుగాటి నొగలు, నొగల చివర్లను కలుపుతూ అడ్డంగా కాడి. ఆ బండిని వెనకముందు చేసి, ముందువైపు రెండు పెద్ద ఇంజిన్లు బిగిస్తే అదే ప్యాకెట్. అయితే ఈ వికారానికి ఒక కారణం ఉంది. తోకను రెండు కాడల మీద పక్కకు జరపడంతో తొట్టి వెనకభాగం మొత్తం తలుపులుగా తెరుచుకుంటుంది. లోపలి నేల లారీ తొట్టి ఎత్తులో ఉంటుంది కాబట్టి లారీని వెనక్కి ఆనించి సరుకు నేరుగా లోపలికి నెట్టేయవచ్చు. తలుపులు పూర్తిగా తీసేసి ఎగిరితే బరువైన సరుకును పారాచూట్లతో అక్కడినుంచే జారవిడవవచ్చు. కొరియా యుద్ధంలో 1950 డిసెంబరులో ఈ విమానాలు ఏకంగా ఒక వంతెననే ముక్కలుగా దించాయి. కూలిన వంతెన దగ్గర చిక్కుకుపోయిన అమెరికన్ మెరైన్లు ఆ ముక్కలను పేర్చుకుని లోయ దాటారు. పదేళ్ల తర్వాత, 1960 ఆగస్టులో, అంతరిక్షం నుంచి పారాచూట్‌తో దిగుతున్న గూఢచారి ఉపగ్రహపు ఫిల్ము డబ్బాను పసిఫిక్ మహాసముద్రం మీద గాలిలోనే కొక్కేనికి తగిలించుకుని పట్టిందీ ఇదే రకం విమానం.

లోపల కూర్చునేవాళ్ల వైపు నుంచి చూస్తే లిబరేటర్‌కి మార్కులు వేయడం కష్టం. బాంబుల గది తలుపులు మన బజారు దుకాణాల షట్టర్లలా పైకి చుట్టుకుంటాయి. ఆ ఏర్పాటు నాకు భలే నచ్చుతుంది. కానీ ఆ గది మధ్యలో ముందునుంచి వెనక్కి వెళ్లే దారి జానెడు వెడల్పున్న దూలం మాత్రమే. అటూ ఇటూ బాంబులు, కింద ఆకాశం. స్టీరింగు బరువు, పెట్రోలు వాసన, దెబ్బతింటే తట్టుకోలేని రెక్క. 1943 ఆగస్టు 1న రుమేనియాలోని ప్లోయెష్టి చమురు శుద్ధి కర్మాగారాల మీదికి వెళ్లిన 170కి పైగా లిబరేటర్లలో 50కి పైగా నష్టపోయారు. మ్యూజియంలో దాని ముందు నిలబడి ముద్దుగా ఉందనుకునేటప్పుడు నాకు ఈ లెక్క గుర్తుకొచ్చి నాలుక కరుచుకుంటాను.

ఇక్కడిదాకా పందెం ప్యాకెట్ వైపే మొగ్గుతోంది. కానీ కాన్పూర్ కథ వచ్చేసరికి తక్కెడ ఒక్కసారిగా లిబరేటర్ వైపు ఒరిగిపోతుంది.

యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాయుసేన దగ్గరున్న లిబరేటర్లు చాలావరకు కాన్పూర్ చేరాయి. అవి అమెరికా అరువిచ్చినవి. షరతుల ప్రకారం తిరిగి ఇచ్చేయాలి, లేదా పనికిరాకుండా చేయాలి. తిరిగి తీసుకునే ఓపిక అమెరికాకు లేదు. కాబట్టి పరికరాలు పగలగొట్టి, ఇంజిన్లలో ఇసుక పోసి, ఆ తుక్కును ఎండకూ వానకూ వదిలేశారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన వాయుసేనకు బరువైన బాంబర్ అంటూ ఒక్కటీ లేదు, కొనడానికి డబ్బూ లేదు. అప్పటి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ (హెచ్‌ఏఎల్) మనుషులు ఆ తుక్కుకుప్పలో దిగి, ఒకదాని అవయవాలు మరొకదానికి అతికి, ఎగరడానికి చాలినంత బాగు చేశారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని దాదాపు 1,500 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు నడిపాడు. అక్కడ పూర్తి మరమ్మతు. పటం మీద కాన్పూర్ నుంచి బెంగళూరుకు గీత గీస్తే అది ఇంచుమించు హైదరాబాద్ నెత్తిమీదుగా పోతుంది. 1948 సెప్టెంబరు దాకా ఆ ఆకాశం నిజాంది కాబట్టి, అది కులాసాగా ఎగరగలిగే దారి కాదన్నమాట. అదే ఏడాది నవంబరులో 5వ స్క్వాడ్రన్ ఈ విమానాలతో మొదలైంది. మొత్తం మీద 40కి పైగా లిబరేటర్లు అలా బతికాయి.

తుక్కు నుంచి లేచినవి మూడేళ్లో నాలుగేళ్లో నడిస్తే గొప్ప అనుకుంటాం. 6వ స్క్వాడ్రన్ వాటితో సముద్ర గస్తీ 1968 దాకా కాసింది. 18,000కి పైగా తయారైన విమానం, ప్రపంచమంతా తుక్కు చేసుకున్న విమానం, చివరికి మన దగ్గర మిగిలింది. ఆ తర్వాత బ్రిటన్, కెనడా, అమెరికా మ్యూజియంలు తమకొకటి కావాలని మన తలుపు తట్టాయి. ఈ రోజు విదేశాల్లో లిబరేటర్ చూసి మురిసిపోతున్నవారిలో చాలామంది చూస్తున్నది కాన్పూర్ తుక్కునే. ఇలాంటి గస్తీ పనికే తర్వాతి కాలంలో నావికాదళం టీయూ-142 తెచ్చుకుంది. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబెట్టింది ఆ విమానాన్నే. ఢిల్లీ దాకా వెళ్లలేనివారు దాని కడుపులోకి ఎక్కి చూస్తే, గంటల తరబడి నీళ్ల మీద తిరగడమంటే ఏమిటో కొంత తెలుస్తుంది.

అయినా నా ఓటు ప్యాకెట్‌కే. దానికి కారణం లదాఖ్.

1962 జూలై 23న స్క్వాడ్రన్ లీడర్ సి.కె.ఎస్. రాజే ఒక ప్యాకెట్‌ను అక్కడి సరిహద్దు చౌకీ దౌలత్ బేగ్ ఓల్డీలో దించాడు. ఎత్తు 16,000 అడుగులకు పైనే. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో అరవై శాతం మాత్రమే. రెక్కకు ఎత్తుకునే బలం తగ్గుతుంది, ఇంజిన్‌కు ఊపిరి ఆడదు. రన్‌వే అంటే చదును చేసిన మట్టి. ప్యాకెట్ బరువుతో ఎగురుతుండగా రెండింటిలో ఒక ఇంజిన్ మొరాయిస్తే మామూలు ఎత్తులోనే ప్రమాదం. హిమాలయాల్లో ఇక చెప్పనక్కర్లేదు. దీనికి విరుగుడు ఆ రోజుల్లోనే వచ్చింది. విమానం నెత్తిన ఒక చిన్న జెట్ ఇంజిన్ బిగించడమనే ఆలోచన అమెరికాది. హెచ్‌ఏఎల్ దాన్ని అందుకుని, నాట్ యుద్ధవిమానం కోసం తాను తయారుచేసే ఆర్ఫియస్ ఇంజిన్‌ను కొన్ని ప్యాకెట్ల వీపున ఎక్కించింది. అసలే బండిలా ఉన్నది, ఇప్పుడు నెత్తిన మూట! ఆ ఫొటో చూసినప్పుడల్లా తలపాగా మీద మూట పెట్టుకుని కొండ ఎక్కుతున్న కూలీ మనిషే కళ్లకు కడతాడు. కాకి పిల్ల కాకికి ముద్దంటారా, అనండి.

లిబరేటర్ కథ గొప్పది, కానీ అందులో గొప్పతనమంతా దాన్ని బతికించిన మనుషులది. అదే పట్టుదలతో వాళ్లు ఏ విమానాన్నైనా లేపేవారు. ప్యాకెట్ విషయంలో ఆ వికారపు రూపమే పని చేసిపెట్టింది. రెండు కాడల తోక లేకపోతే వెనక తలుపు లేదు, ఆ తలుపు లేకపోతే లదాఖ్ చౌకీలకు బియ్యం, కిరోసిన్ అంత తేలిగ్గా ఎక్కేవి కావు, దిగేవీ కావు. 1980ల మధ్యదాకా అది అదే పని చేసింది.

దౌలత్ బేగ్ ఓల్డీ రన్‌వే తర్వాత మూలపడింది. 43 ఏళ్ల విరామం తర్వాత 2008 మే 31న అక్కడ మళ్లీ మన విమానం దిగింది. అది ఏఎన్-32, వాయుసేనలో ప్యాకెట్ స్థానాన్ని తీసుకున్నది. ఇంజిన్లను రెక్కల మీదికి, భుజాన కావిడి పెట్టుకున్నంత ఎత్తున ఎక్కించుకుని తిరుగుతుంది. అదీ అందగత్తె ఏమీ కాదు.