బ్రెయిలీ డిస్‌ప్లేతో ఇన్‌స్టలేషన్: డెబియన్, ఉబుంటు, విండోస్‌లలో ఏది మేలు?

చూపు లేనివారి కంప్యూటరు వాడకం గురించి మాట ఎత్తగానే అందరూ స్క్రీన్ రీడరు గొంతు దగ్గరే ఆగిపోతారు. చూపుతోపాటు వినికిడి కూడా లేనివారికి ఆ గొంతు ఎందుకూ కొరగాదు. వినగలిగినవారిలో కూడా, ఏ డిస్కును చెరిపేస్తున్నారో దాని పేరును వేలికొనలతో అక్షరమక్షరం తడిమి చూసుకుంటే తప్ప ఎంటర్ నొక్కడానికి ధైర్యం చాలనివారు ఉంటారు. అందువల్ల ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టలేషన్ విషయంలో నా గీటురాయి ఒక్కటే: శబ్దం లేకుండా, ఇంటర్నెట్ లేకుండా, తెర మీది అక్షరాలను వేళ్లకు తగిలే చుక్కలుగా చూపే బ్రెయిలీ డిస్‌ప్లే మీద మొదటి ప్రశ్న నుంచే చుక్కలు పైకి లేస్తాయా, లేదా?

మూడింటికీ ఉమ్మడిగా ఉన్న ఒక అడ్డంకిని ముందే చెప్పాలి. కంప్యూటరు ఆన్ చేయగానే పనిచేసే ఫర్మ్‌వేర్ తెరలు బ్రెయిలీ డిస్‌ప్లేకు అందవు కనుక, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యేలా వరుస మార్చడానికి చూపున్నవారి సాయమో, ఆ మోడల్ కీల క్రమం ముందే కంఠస్థం చేసుకోవడమో తప్పదు. డిస్‌ప్లేను కూడా బ్లూటూత్‌తో కాకుండా యూఎస్‌బీ తీగతోనే కలపడం మంచిది.

ఈ గీటురాయి మీద నిలిచేది లైనక్స్ రకాలలో ఒకటైన డెబియన్. తెర మీది అక్షరాలను బ్రెయిలీ డిస్‌ప్లేకు పంపే, 1995 నుంచి అభివృద్ధిలో ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాము దాని ఇన్‌స్టాలరులోనే ఇమిడి ఉంటుంది. బూట్ మెనూ సిద్ధం కాగానే పాత బయాస్ ఫర్మ్‌వేర్ ఉన్న యంత్రాలలో ఒక బీప్, కొత్త యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ ఉన్న యంత్రాలలో రెండు బీప్‌లు వినిపిస్తాయి. వినలేనివారు కాసేపు ఆగి ఎంటర్ నొక్కితే సరిపోతుంది. యూఎస్‌బీ డిస్‌ప్లేను ఇన్‌స్టాలరు తనంతట తానే గుర్తించి, గ్రాఫికల్ తెరను వదిలి అక్షరాల తెరకు మారుతుంది. అంతకంటే ముఖ్యంగా, పని పూర్తయ్యాక అదే బ్రెయిలీ ఏర్పాటును కొత్త సిస్టమ్‌లో కూడా పెడుతుంది. ఇన్‌స్టలేషన్ అంతా సవ్యంగా సాగి, మొదటి రీబూట్ తరువాత డిస్‌ప్లే మూగబోయే దుస్థితి ఇక్కడ రాకపోవడానికి కారణం అదే.

పాత సీరియల్ పోర్టు డిస్‌ప్లేలకు మాత్రం ఈ సౌకర్యం లేదు. గుర్తించే ప్రయత్నంలో పంపే సంకేతాల వల్ల కొన్ని పరికరాలు పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి ఇన్‌స్టాలరు వాటి జోలికి పోదు. బూట్ వాక్యం చివర ప్రోగ్రాము పేరు, సమానం గుర్తు, ఆ తరువాత రెండక్షరాల డ్రైవరు సంకేతం, పోర్టు పేరు, బ్రెయిలీ పట్టిక (ఏ అక్షరానికి ఏ చుక్కలు లేవాలో చెప్పే జాబితా) పేరు కామాలతో విడదీసి మనమే చేర్చాలి. హ్యాండీటెక్ పరికరాలకు హెచ్‌టీ, బామ్ పరికరాలకు బీఎం అనేవి అలాంటి సంకేతాలు. యూఎస్‌బీ కన్వర్టరు తగిలించినా సీరియల్ పరికరం సీరియల్ పరికరమే.

మనవారికి ఎదురయ్యే అసలు చిక్కు పట్టికలో ఉంది. డెబియన్ ఇన్‌స్టాలరులో తెలుగు ఉన్నా అది గ్రాఫికల్ తెరకే పరిమితం. బ్రెయిలీకి అక్షరాల తెర కావాలి కనుక ఇంగ్లిష్‌లోనే నడిపించాలి. అప్పుడు అమెరికన్ కంప్యూటర్ బ్రెయిలీ పట్టిక ఎదురుకావచ్చు. భారతీయ భాషలకు వాడే భారతి బ్రెయిలీలో అంకె ముందు సంఖ్యా చిహ్నం వస్తుంది, ఒకటికి 1వ చుక్క లేస్తుంది. అమెరికన్ పట్టికలో ఆ చిహ్నమే ఉండదు, ఒకటికి 2వ చుక్క, రెండుకు 2, 3 చుక్కలు లేస్తాయి. అంటే 512 ఎంబీ అనే పార్టిషన్ పరిమాణం అలవాటైన వేళ్లకు విరామ చిహ్నాల గుంపులా తగులుతుంది. డిస్కు విభజన దాకా వెళ్లకముందే బీఆర్‌ఎల్‌టీటీవై ప్రిఫరెన్సుల మెనూలో పట్టిక మార్చుకోవాలి. 20 సెల్స్ (ఒక్కో సెల్‌లో ఒక్కో అక్షరం) డిస్‌ప్లే అయితే 80 అక్షరాల వరుసను నాలుగు ముక్కలుగా జరుపుకుంటూ చదవాల్సి వస్తుందని కూడా ముందే తెలిసి ఉండడం మేలు.

మరో లైనక్స్ రకమైన ఉబుంటు మార్గం వేరు. ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచే డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది (దీన్నే లైవ్ అంటారు). ఆల్ట్, సూపర్, ఎస్ కీలు కలిపి నొక్కితే ఓర్కా స్క్రీన్ రీడరు మొదలై, బీఆర్‌ఎల్‌టీటీవై ద్వారా బ్రెయిలీకి అక్షరాలు పంపుతుంది. డిస్కును ముట్టుకోకముందే మన డిస్‌ప్లే ఈ యంత్రంతో పనిచేస్తుందో లేదో తేల్చుకునే వీలు దీని గొప్ప సుగుణం. అయితే గ్రాఫికల్ ఇన్‌స్టాలరులో ప్రతి బటనుకూ తయారుచేసినవారు సరైన పేరు తగిలించి ఉంటేనే అది వేళ్లకు అందుతుంది కాబట్టి, ఒక విడుదలలో సాఫీగా సాగినది మరో విడుదలలో సాగుతుందన్న భరోసా లేదు. ఇంకో విషయం: 22.04 విడుదలలో బీఆర్‌ఎల్‌టీటీవై యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే కొన్ని సీహెచ్340 చిప్పులను బ్రెయిలీ పరికరాలుగా పొరబడి పట్టేసుకోవడంతో, ఆ చిప్పులున్న ఆర్డ్యూయినో ఎలక్ట్రానిక్ బోర్డులు వాడేవారు ఆ ప్రోగ్రామునే తీసేయమని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇంట్లో కంప్యూటరును నలుగురూ వాడుతుంటే, ఆ సలహా పాటించినవారెవరైనా ఉన్నారేమో ఆరా తీయండి.

విండోస్ 11 సెటప్‌లో కంట్రోల్, విండోస్, ఎంటర్ కీలు నొక్కితే విండోస్ సొంత స్క్రీన్ రీడరు నేరేటర్ పలుకుతుంది, అదీ సౌండుకు డ్రైవరు దొరికితేనే. నేరేటర్ బ్రెయిలీ విడిగా డౌన్‌లోడ్ చేసుకోవలసిన భాగం కనుక సెటప్ సాగుతున్నంతసేపూ వేళ్లకు ఏమీ అందదు. జవాబుల ఫైలును ముందే రాసి పెన్‌డ్రైవ్‌లో పెడితే ప్రశ్నలు లేకుండా పని ముగుస్తుంది కానీ, అందులో డిస్కు సంఖ్య తప్పుపడితే ఆపే అవకాశమే ఉండదు. బ్రెయిలీ మీద ఆధారపడేవారికి దీన్ని నేను సిఫారసు చేయను. డెస్క్‌టాప్ చేరాక మాత్రం పరిస్థితి మారుతుంది. పెన్‌డ్రైవ్‌లోని పోర్టబుల్ ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడరు, 2018.2 వెర్షన్ నుంచి, చాలా డిస్‌ప్లేలను తానే గుర్తిస్తుంది. తెలుగు బ్రెయిలీ పట్టిక కూడా అందులోనే ఉంటుంది, ఇంటర్నెట్ అక్కరలేదు.

కనుక సొంత చేతులతో మొదటి నుంచి చివరిదాకా చేసుకోవాలనుకునేవారికి, ముఖ్యంగా వినలేనివారికి, డెబియన్ తప్ప మరొకటి నేను చెప్పను. వినగలిగి, గ్రాఫికల్ డెస్క్‌టాప్ కోరేవారు ఉబుంటును లైవ్‌లో పరీక్షించి ముందుకు వెళ్లవచ్చు. ఉద్యోగరీత్యా విండోస్ తప్పనివారు అది ముందే ఎక్కించి ఉన్న యంత్రం కొనుక్కోవడం నయం. తరువాత ఎప్పుడైనా అది మొరాయిస్తే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయకుండా, ఎన్‌వీడీఏ నడుస్తుండగానే సెటప్ ఫైలును విండోస్ లోపలి నుంచి తెరిచి, ఫైళ్లు, యాప్‌లు ఉంచాలనే ఎంపికతో మళ్లీ ఎక్కించుకోవచ్చు. రీస్టార్ట్ అయ్యేదాకా ప్రతి ప్రశ్నా బ్రెయిలీలో అందుతుంది.