రాజుగారి ముహూర్తానికి వంతెన మీద మేమిద్దరం

మా పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 42 నిమిషాలకు. ఆషాఢం వచ్చేలోపే తిరిగి రావాలని ఇంట్లో గట్టిగా చెప్పడంతో జూన్ మొదటి వారంలోనే చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ బయల్దేరాం. అయిదు రాత్రులు ఉన్నాం.

అక్కడికి వెళ్లాక తెలిసింది, వాళ్లకూ ముహూర్తాల పట్టింపు ఉండేదని. నాలుగో చార్లెస్ చక్రవర్తి వల్టావా నది మీద రాతి వంతెనకు పునాది రాయి వేసింది 1357వ సంవత్సరం, తొమ్మిదో తేదీ, ఏడో నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలకని చెప్పుకుంటారు. అంకెలన్నీ వరసగా పేరిస్తే 135797531. ఎటు నుంచి చదివినా ఒకటే. ఆ మాట వినగానే మా ఆయన, "రేపు మనమూ ఆ టైముకే వెళ్దాం" అన్నారు.

వెళ్లాం. జూన్‌లో అక్కడ అయిదింటికే వెలుగొచ్చేస్తుంది. అర కిలోమీటరు పైన పొడవున్న వంతెన మీద పట్టుమని పదిమంది లేరు. అటూ ఇటూ కలిపి 30 విగ్రహాలు, కింద హంసలు, ఎదురుగా కొండ మీద కోట. తెల్లగౌను వేసుకున్న పెళ్లికూతురు ఒకామె ఫొటోలు దిగుతూ నా నల్లపూసలూ గోరింటాకూ చూసి నవ్వింది. నేనూ నవ్వాను. విగ్రహాల్లో అన్నిటికన్నా పాతది, 1683లో పెట్టింది, నెపోముక్ జాన్ అనే పురోహితుడిది. రాణిగారు చెప్పుకున్న రహస్యాన్ని రాజుకు చెప్పనన్నందుకు ఆయన్ని నదిలోకి తోయించారని కథ. కింద ఉన్న కంచు పలక జనం ముట్టుకుని ముట్టుకుని బంగారంలా మెరుస్తోంది. మేమూ చెయ్యి పెట్టాం. అదే చోటికి పగలు పదకొండింటికి మళ్లీ వెళితే పుష్కరాల రేవులా ఉంది, నిలబడే చోటు లేదు. అందుకే వెళ్లేవాళ్లెవరికైనా నేను మొదట చెప్పేది, ప్రాగ్‌ను పొద్దున్నే చూడండి అని.

ఉండే చోటు విషయంలో మాత్రం మొదట పొరబడ్డాం. పాత ఊరి కూడలికి దగ్గరని రెండు రాత్రులు ఒక హోటల్ తీసుకున్నాం. 1410 నాటి ఖగోళ గడియారం అక్కడికి రెండు నిమిషాల నడక. గంట కొట్టేముందు అస్థిపంజరం బొమ్మ గంట లాగడం, కిటికీల్లో క్రీస్తు శిష్యులైన అపొస్తలుల బొమ్మలు తిరగడం చూడవలసిందే. కానీ రాత్రి రెండయినా కిందనున్న బార్ల అరుపులు ఆగలేదు. అదనపు డబ్బిచ్చి తీసుకున్న గదిలో కిటికీ తెరవలేకపోయాం. మూడో రోజు నది దాటి మాలా స్త్రానాలో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. లిఫ్టు లేదు, మూడు అంతస్తుల పైకి పెట్టెలు మోసుకెళ్లాం. అయినా అద్దె తక్కువ, రాత్రి నిశ్శబ్దం, పొద్దున చర్చి గంటలు. మళ్లీ వెళితే అయిదు రోజులూ ఇటువైపే ఉంటాం.

ఆ గెస్ట్‌హౌస్ పెద్దావిడ మా డబ్బు కూడా కాపాడింది. కూడలి దగ్గర ఒక మనీ ఎక్స్ఛేంజ్‌లో 'కమీషన్ లేదు' అన్న బోర్డు నమ్మి 100 యూరోలు మార్చాం. యూరోకి అక్కడి డబ్బు 24 కొరునాల పైనే రావలసింది, 16 చొప్పున చేతిలో పెట్టారు. ఆవిడ రసీదు చూసి గడియారం చూసింది. మార్చుకున్న మూడు గంటల్లోపు రసీదుతో వెళితే వెనక్కి ఇవ్వాలని 2019 నుంచి అక్కడ చట్టం ఉందట. పరుగున వెళ్లాం. కౌంటరులో మనిషి ముఖం మాడ్చుకున్నా మా యూరోలు మాకిచ్చాడు. రసీదు పారేయకండి. ఆ తర్వాత అంతా కార్డుతోనే గడిపాం.

కోటకు 22వ నంబరు ట్రామ్ ఎక్కండి. టికెట్టును మిషన్‌లో స్టాంపు వేయించడం మరిచిపోతే జరిమానా. కోట స్టాపులో దిగకుండా ఇంకాస్త ముందు పోహోర్జెలెట్స్‌లో దిగితే అక్కణ్నుంచి అంతా దిగుడే. నాకు ఇది పెద్ద ఊరట. కొత్త మెట్టెలు బూట్లలో నొక్కుకుని, ఆ గుండ్రాళ్ల వీధుల్లో ఒక్కో అడుగూ తెలిసేది. మెట్టెల చుట్టూ దూది చుట్టుకుని నడిచాను. కోటలోని పెద్ద చర్చి సెయింట్ వీటస్ కెథడ్రల్ 1344లో మొదలై 1929లో పూర్తయింది. లోపల చిత్రకారుడు మూచా గీసిన రంగుటద్దాల కిటికీ దగ్గర చాలాసేపు నిలబడిపోయాం. బంగారు వీధిలోని చిట్టి ఇళ్లు, రచయిత కాఫ్కా కూర్చుని రాసుకున్న 22వ నంబరు ఇంటితో సహా, బావున్నాయి కానీ రద్దీలో పది నిమిషాలు చాలు.

హనీమూన్‌లో అక్కడికెందుకు అని కొందరు అన్నారు గానీ, యూదుల ప్రార్థనామందిరం పింకస్ సినగోగ్‌కు వెళ్లినందుకు నాకు సంతృప్తిగా ఉంది. నాజీల చేతిలో పోయిన దాదాపు 78 వేల మంది చెక్ యూదుల పేర్లు గోడల నిండా చేత్తో రాసి ఉన్నాయి. ఒకే ఇంటిపేరు కింద మొగుడూ పెళ్లాల పేర్లు పక్కపక్కనే. మా శుభలేఖలో మా పేర్లు అలాగే ఉన్నాయి. పై అంతస్తులో నాజీల టెరెజీన్ నిర్బంధ శిబిరంలోని పిల్లలు వేసిన బొమ్మలు. బయటికొచ్చాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. శనివారం మూసి ఉంటుంది, చూసుకుని వెళ్లండి.

తిండికి ఇబ్బంది పడలేదు. నేను శాకాహారిని. బంగాళదుంపల సూపు, వేయించిన చీజ్ దొరికేవి, ఏది చెప్పినా మాంసం లేదు కదా అని అడిగాను. హోటళ్లలో మంచినీళ్లకూ బిల్లు వేస్తారు. రాత్రిళ్లు గదిలో అమ్మ కట్టిచ్చిన పులిహోర పొడి, ఆవకాయ ఆదుకున్నాయి.

చివరి సాయంత్రం విషెహ్రాడ్ కోటగోడ ఎక్కాం. సంగీతకారుడు ద్వోర్జాక్ సమాధి ఉన్న శ్మశానం పక్కనే ఉంది, జనం పలచన. పైనుంచి అమ్మకు వీడియో కాల్ చేసి నది చూపించాను. "మన గోదారిలో పాయంత లేదే" అంది రాజమండ్రి నుంచి. తర్వాత, "వంతెన ఏదీ, అది చూపించు" అంది. ఫోను అటు తిప్పి పట్టుకున్నాను, మా ఆయన వేలు పెట్టి చూపించారు.