వేపచెట్టు కింద స్పైడర్ ప్లాంట్: మర్రిగూడ వైపు నీళ్లతో నా అనుభవం

హోస్టా పెంచాలని ఆశపడేవాళ్లకు ముందే చెప్తున్నా. అది జపాన్, కొరియా, చైనా వైపు మొక్క. చలికాలమంతా గట్టి చలిలో నిద్రపోతేనే మళ్లీ చిగురిస్తుంది. మన నల్లగొండలో అంత చలి ఎక్కడిది? నీడలో, చిన్నగా, ఆకుల మీద తెల్ల చారలతో ఉంటే చాలనుకుంటే స్పైడర్ ప్లాంట్ తెచ్చుకోండి. మా వాకిట్లో వేపచెట్టు కింద ఏళ్లుగా అదే పెరుగుతోంది.

ఆకు నడుమ తెల్ల చార ఉండేది ఒక రకం, అంచులు తెల్లగా ఉండేది ఇంకో రకం. నా ఓటు రెండోదానికే.

దీనితో అసలు పేచీ నీళ్ల దగ్గరే. మర్రిగూడ వైపు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలిసిందే. వేర్లు పీల్చిన నీళ్లు ఆకుల్లోంచి ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ మాత్రం కొసల్లో పేరుకుపోతుంది. ముందు కొస గోధుమ రంగుకు తిరుగుతుంది, పోనుపోను ఎండి, ముట్టుకుంటే పెళుసుగా విరిగిపోతుంది. మొక్క అమ్మినాయన్ని అడిగితే "నీళ్లు తక్కువైనయి సార్, ఇంకా పోయండి" అన్నాడు. పోసినకొద్దీ ఇంకా మాడింది! కాచి చల్లార్చినా లాభం లేదు, ఫ్లోరైడ్ ఆవిరైపోయేది కాదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు, వానాకాలంలో డాబా మీంచి పట్టిన నీళ్లు పోయడం మొదలుపెట్టాక కొత్త ఆకులు కొసదాకా పచ్చగా వచ్చాయి. మాడిన కొస మళ్లీ పచ్చబడదు, కత్తిరించడమే. ఎరువుల్లో సూపర్ ఫాస్ఫేట్ వద్దు, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. మాగిన పశువుల పెంట చాలు. అయినా కొసలు మాడితే నేరం ఫ్లోరైడ్‌దే అనుకోకండి. ఉప్పు నీళ్లు, మే నెల వడగాలి కూడా అదే పని చేస్తాయి.

ఎండాకాలం పడమటి ఎండ సూటిగా తగలకుండా చూడండి. తెల్లగా ఉన్నచోటే ముందు కాలుతుంది. ఊరికెళ్తే మాత్రం టెన్షన్ లేదు. కుండీ తిరగేసి చూస్తే వేర్లు లేత ముల్లంగుల్లా లావుగా, తెల్లగా ఉంటాయి. వాటిలో నీళ్లు దాచుకుంటుంది కాబట్టి కొన్నాళ్లు పోయకపోయినా తట్టుకుంటుంది. వానల్లో కుండీలో నీళ్లు నిలిస్తే అవే వేర్లు కుళ్లిపోతాయి. అందుకే ఎర్రమట్టిలో ఇసుక బాగానే కలిపా. వేప ఆకులు రాలే రోజుల్లో కుండీల్లోంచి ఏరలేక విసుగొస్తుంది, అది వేరే సంగతి.

ఒక్కటి కొంటే చాలు. పొడుగాటి కాడలకు పిల్లమొక్కలు వేలాడతాయి, వాటిని మట్టికి ఆనిస్తే వేరూనుకుంటాయి. ఎవరైనా పిల్ల కావాలని వస్తే, మీ ఇంట్లో బోరా, నల్లానా అని అడిగాకే ఇస్తున్నా.