బూస్ట్ కంట్రోలర్ ఏది మేలు: స్ప్రింగుదా, స్క్రీన్ ఉన్నదా, కారు సొంత కంప్యూటర్ ఈసీయూనేనా?

మా బావమరిది ఫ్రీమాంట్‌లో ఉంటాడు. పోయిన నెల 2011 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, కొన్న మూడో రోజే ఫోన్. "బావా, మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ వంద డాలర్ల లోపే వస్తోంది, రెండు హోస్‌లు మార్చి స్క్రూ తిప్పితే చాలంట, పెట్టేద్దామా?" నేను డాలస్‌లో అదే ఇంజిన్ ఉన్న 2010 మోడల్ ఎనిమిదేళ్లుగా నడుపుతున్నాను. మూడు రకాలూ ఒకదాని తర్వాత ఒకటి నా కారులో పెట్టి చూశాను. వాడికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఇది చేసే పనేంటో చూద్దాం. టర్బో అంటే ఎగ్జాస్ట్ గ్యాస్‌తో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది, అలా నొక్కిన గాలి అదనపు ఒత్తిడే బూస్ట్, దాన్ని పీఎస్‌ఐలో కొలుస్తారు. టర్బో దగ్గర వేస్ట్‌గేట్ అని ఒక చిన్న తలుపు ఉంటుంది, అది తెరుచుకుంటే ఎగ్జాస్ట్ గ్యాస్ టర్బైన్‌ని తిప్పకుండా పక్కనుంచి వెళ్లిపోతుంది, బూస్ట్ అక్కడితో ఆగుతుంది. ఆ తలుపు తెరిచేది యాక్చుయేటర్. టర్బో పుట్టించిన గాలే ఒక సన్న హోస్‌లోంచి దానికి చేరి, లోపలి స్ప్రింగ్‌ని నొక్కుతుంది. బూస్ట్ కంట్రోలర్ ఏ రకమైనా చేసేది ఒక్కటే, ఆ హోస్‌లో గాలిని ఆపో, కొంత బయటికి వదిలో, బూస్ట్ ఉన్నదానికన్నా తక్కువ ఉందని యాక్చుయేటర్‌ని నమ్మించడం. అందుకే ఏ కంట్రోలరూ బూస్ట్‌ని స్ప్రింగ్ ప్రెషర్ కన్నా కిందికి దించలేదు, పెంచడం మాత్రమే దాని చేతిలో ఉంది. ఈ ముక్క తెలియక "తక్కువలో పెట్టుకుని జాగ్రత్తగా నడుపుకుంటా" అనుకుని కొన్నవాళ్లని చూశాను.

మాన్యువల్‌లో మళ్లీ రెండు రకాలు. గాలిని కొంచెం కొంచెం లీక్ చేసే బ్లీడ్ రకం చవక, కానీ దాన్ని వదిలేయండి, వేస్ట్‌గేట్ ముందే కొద్దికొద్దిగా తెరుచుకోవడం మొదలుపెట్టి స్పూల్, అంటే టర్బో వేగం అందుకోవడం, నెమ్మదిస్తుంది. రెండోది బాల్ అండ్ స్ప్రింగ్. ఇది అచ్చం మన కుక్కర్ వెయిట్ లాంటిది, ప్రెషర్ ఒక స్థాయికి వచ్చేదాకా గోళీ దారి మూసి ఉంచుతుంది, దాటగానే ఒక్కసారి లేస్తుంది. అప్పటిదాకా వేస్ట్‌గేట్ గట్టిగా మూసుకునే ఉంటుంది కాబట్టి బూస్ట్ త్వరగా అందుకుంటుంది. నిజం చెప్పాలంటే మొదటి వారం నాకు భలే నచ్చింది, మూడు వేల ఆర్‌పీఎం దగ్గర కారు లాగే తీరే మారిపోయింది.

తర్వాత జనవరి వచ్చింది. పొద్దున్నే చలి, జార్జ్ బుష్ టర్న్‌పైక్ ఎక్కే ర్యాంప్ మీద థర్డ్ గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. నేను అక్టోబరులో 16 పీఎస్‌ఐకి సెట్ చేసిన కంట్రోలర్, ఆ రోజు గేజ్ ముల్లు 19 దాటింది. వెంటనే ఫ్యూయెల్ కట్ అయి (ఇంజిన్‌ని కాపాడడానికి ఈసీయూ పెట్రోల్ ఆపేసింది), ఎవరో వెనక నుంచి పట్టి గుంజినట్టు కారు ఆగిపోబోయింది. వెనక ట్రక్కు ఉంది. దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. చలిగాలి చిక్కగా ఉంటుంది, స్ప్రింగ్‌కి ఆ సంగతి తెలియదు, వేడి రోజుల్లో తిప్పిన స్క్రూ చలికాలం కూడా అక్కడే ఉంటుంది. ఎత్తు మీద ఉండే కొలరాడోకి ట్రిప్ అయితే ఇంకో సమస్య. సముద్రమట్టంలో గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ, డెన్వర్‌లో సుమారు 12.2. గేజ్ మీద అదే 15 పీఎస్‌ఐ చూపించాలంటే కింద టర్బో గాలిని రెండింతలు నొక్కితే సరిపోతుంది, పైన దాదాపు రెండుంబావు రెట్లు నొక్కాలి. టర్బో ఇంకా వేగంగా తిరగాలి, గాలి ఇంకా వేడెక్కుతుంది.

దాంతో నేను ఎలక్ట్రానిక్‌కి మారాను. గ్రెడ్డీ ప్రొఫెక్, హెచ్‌కేఎస్ ఈవీసీ, టర్బోస్మార్ట్ ఈ-బూస్ట్2 లాంటివన్నమాట, కొన్ని వందల డాలర్లు అవుతుంది. గాలి దారిని కరెంటుతో తెరిచి మూసే ఒక సోలెనాయిడ్ లేదా స్టెప్పర్ మోటార్ వాల్వ్, ఒక ప్రెషర్ సెన్సర్, డాష్‌బోర్డ్ మీద చిన్న స్క్రీన్. సెన్సర్ చూసి తనే సరిదిద్దుకుంటుంది కాబట్టి చలికి పెరగడం చాలా తగ్గింది, రెండు సెట్టింగులు పెట్టుకుని బటన్‌తో మార్చుకోవచ్చు, బూస్ట్ హద్దు దాటితే అలారం మోగి స్ప్రింగ్ ప్రెషర్‌కి దించేస్తుంది. సరిగ్గా బిగిస్తే కరెంటు పోయినా అంతే, స్ప్రింగ్ ప్రెషర్‌కే వస్తుంది. ఇది చాలా పెద్ద ప్లస్.

కానీ అది కూడా చూసేది ప్రెషర్ ఒక్కటే. ఇంజిన్‌లో నాక్, అంటే పెట్రోల్ వేళకాని వేళ తనంతట తానే పేలడం, మొదలైతే ఆ స్క్రీన్‌కి ఏమీ తెలియదు. వంద డాలర్లదైనా ఆరు వందలదైనా ఈ విషయంలో తేడా లేదు. డబ్ల్యూఆర్‌ఎక్స్ ఈసీయూకి మాత్రం నాక్ సెన్సర్ ఉంది, కూలెంట్ ఎంత వేడిగా ఉందో తెలుసు, బయట గాలి ఒత్తిడి ఎంతో తెలుసు. పెట్రోల్ బాగోలేకో, ఎండకో నాక్ వస్తే ముందు టైమింగ్ తగ్గిస్తుంది, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా ఇస్తుంది, అదే పనిగా వస్తే బూస్ట్ కూడా తగ్గించేస్తుంది. బయటి కంట్రోలర్ పెట్టిన రోజు ఆ పగ్గం మనం దాని చేతిలోంచి లాగేసుకున్నట్టే. అది టైమింగ్ తగ్గిస్తూనే ఉంటుంది, బూస్ట్ మాత్రం అలాగే కొడుతూ ఉంటుంది. ఈ ఈజే255 ఇంజిన్‌లో పిస్టన్ రింగ్‌ల్యాండ్‌లు (రింగుల మధ్య ఉండే సన్నటి గట్లు) విరగడం అందరికీ తెలిసిన జబ్బే, ముఖ్యంగా నాలుగో సిలిండర్‌లో. అలాంటి ఇంజిన్‌కి నాక్ తెలియని కంట్రోలర్ పెట్టడం నాకు ఇప్పుడు అస్సలు మనసొప్పదు. ఇంజిన్ మళ్లీ కట్టించాలంటే వేల డాలర్లు.

అందుకని చివరికి నేను ఆగింది మూడో దారి దగ్గర: కారు ఈసీయూనే కంట్రోలర్, దానికి మంచి త్రీ-పోర్ట్ సోలెనాయిడ్, ఆ పైన ట్యూన్, అంటే ఈసీయూలోని నంబర్ల పట్టికలు (మ్యాప్) మార్చి రాయించడం. కంపెనీ ఇచ్చే సోలెనాయిడ్‌కి రెండే పోర్టులు, హోస్‌లో చిన్న ఇత్తడి రిస్ట్రిక్టర్ పెట్టి గాలిని బ్లీడ్ చేసే పద్ధతి. త్రీ-పోర్ట్ అయితే యాక్చుయేటర్‌కి గాలిని పూర్తిగా ఆపేయగలదు, బాల్ అండ్ స్ప్రింగ్ ఇచ్చే ఆ త్వరగా అందుకునే గుణం ఇందులోనూ దొరుకుతుంది, పైగా ఎప్పుడు వదలాలో ఈసీయూ చెబుతుంది. సోలెనాయిడ్ ఒక వంద డాలర్లు అటూఇటూ, ట్యూన్‌కి అసలు ఖర్చు. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: త్రీ-పోర్ట్ బిగించి పాత మ్యాప్‌తోనే నడపకూడదు. పాత డ్యూటీ సైకిల్ నంబర్లు (సోలెనాయిడ్‌కి ఎంతసేపు కరెంటు ఇవ్వాలో చెప్పేవి) పాత సోలెనాయిడ్ కోసం రాసినవి, అవే వాడితే ఓవర్‌బూస్ట్ ఖాయం. ట్యూనర్ పంపిన కొత్త మ్యాప్ ఎక్కించాకే బూస్ట్‌లోకి వెళ్లాలి.

అలాగని మాన్యువల్ ఎప్పుడూ తప్పని కాదు. 90ల నాటి మాజ్డా మియాటాకి టర్బో కిట్ బిగించిన వాళ్లున్నారు, ఆ కారు ఈసీయూకి టర్బో అంటేనే తెలియదు, లాక్కోవడానికి అక్కడ పగ్గమే లేదు. ఫ్యూయెల్, టైమింగ్ సరిచూసుకుని, ఒకటి రెండు పీఎస్‌ఐ పెంచుకోవడానికి బాల్ అండ్ స్ప్రింగ్ చక్కగా పనిచేస్తుంది. అదే కారులో రెండు రకాల పెట్రోల్ వాడుతూ రెండు బూస్ట్ లెవెల్స్ కావాలంటే స్క్రీన్ ఉన్నది కొనండి, డబ్బు వృథా కాదు.

హైదరాబాద్ నుంచి ఫ్రెండ్స్ పోలో, స్లావియా 1.0 టీఎస్‌ఐకి పెట్టొచ్చా అని అడుగుతుంటారు. వాటిలో వేస్ట్‌గేట్‌ని తిప్పేది ఎలక్ట్రిక్ మోటార్, మనం మధ్యలో దూరడానికి హోసే ఉండదు. అక్కడ ఏం చేసినా ఈసీయూలోనే.

ఇక మా వాడి సంగతి. కాలిఫోర్నియా బంకుల్లో మామూలుగా దొరికే ప్రీమియం 91 ఆక్టేన్, నాకు ఇక్కడ 93 దొరుకుతుంది. ఆక్టేన్ ఎంత ఎక్కువైతే పెట్రోల్ నాక్‌ని అంత తట్టుకుంటుంది. నా కారులో నడిచే బూస్ట్ వాడి కారులో నడవదు, నాక్‌కి మా ఇద్దరి మధ్య అంత తేడా. పైగా అక్కడ రెండేళ్లకోసారి స్మాగ్ చెక్ (పొగ పరీక్ష), రాష్ట్ర కాలుష్య బోర్డు సీఏఆర్‌బీ ఇచ్చే అనుమతి (ఈఓ) నంబరు లేని పార్టు కంటపడితే కంటితో చూసే తనిఖీలోనే ఫెయిల్. అందుకే మాన్యువల్ వద్దన్నాను, ఎలక్ట్రానిక్ కూడా వద్దన్నాను. త్రీ-పోర్ట్ అయినా, ట్యూన్ అయినా ఆ నంబరు ఉందో లేదో చూశాకే మాట్లాడుకుందాం అన్నాను. వాడు కాస్త డీలా పడ్డాడు, "మరి ఇప్పుడేం చెయ్యను బావా" అన్నాడు.

ముందు స్మోక్ టెస్ట్ (హోస్‌లలోకి పొగ పంపి లీకులు పట్టే పరీక్ష) చేయించమన్నా. పదేళ్లు దాటిన కారులో బూస్ట్ తక్కువగా ఉందంటే చాలాసార్లు కంట్రోలర్ లేక కాదు, ఎక్కడో హోస్ చిట్లి ఉంటుంది. శనివారం చేయించాడు. ఇంటర్‌కూలర్ దగ్గర క్లాంప్ ఒకటి వదులైంది, యాక్చుయేటర్‌కి వెళ్లే సన్న హోస్ చివర పగిలి ఉంది. ఈ రెండోది చూసి నాకే గుండె ఝల్లుమంది. ఆ హోస్ ఊడిపోతే వేస్ట్‌గేట్ తెరుచుకోదు, ఏ కంట్రోలర్ ఉన్నా బూస్ట్‌కి అడ్డు ఉండదు. కొత్త సిలికాన్ హోస్ వేసి రెండు చివర్లా క్లాంపులు బిగించాడు. క్లాంప్ సరిచేశాక ఏమీ మార్చకుండానే పీక్‌లో దాదాపు 2 పీఎస్‌ఐ తిరిగొచ్చింది, నిన్న రాత్రి ఈసీయూ రికార్డు (లాగ్) పంపాడు.