అలన్ వేరియన్స్ పద్ధతి: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఎంపీయూ-6050 రకం మెమ్స్ గైరోలతో (తిరుగుడు వేగాన్ని కొలిచే చిన్న చిప్ సెన్సార్లతో) నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మొదట్లో సెన్సార్‌ను కదలకుండా ఉంచి, రీడింగుల ప్రామాణిక విచలనం లెక్కగట్టి, అదే నాయిస్ అనుకునేవాడిని. అయితే క్షణక్షణం మారే నాయిస్, నిదానంగా జరిగిపోయే బయాస్ (కదలకున్నా రీడింగులో ఉండిపోయే దోషం) రెండూ ఆ ఒక్క అంకెలోనే కలిసిపోతాయి. అణు గడియారాల స్థిరత్వాన్ని కొలవడానికి 1966లో డేవిడ్ అలన్ ప్రతిపాదించిన పద్ధతి ఆ రెంటినీ విడదీస్తుంది.

డేటాను సమాన ఖండాలుగా చేసి, పక్కపక్క ఖండాల సగటుల మధ్య తేడాల వర్గాలు (స్క్వేర్లు) కట్టి, వాటి సగటులో సగం తీసుకుంటాము. ఖండం నిడివిని పెంచుతూ, ఫలితపు వర్గమూలాన్ని లాగ్-లాగ్ గ్రాఫులో గీస్తే, −1/2 వాలుతో దిగే భాగం యాంగిల్ రాండమ్ వాక్‌ను (క్షణక్షణం మారే నాయిస్ వల్ల కోణంలో పేరుకొనే దోషాన్ని), అడుగున చదునుగా ఉండే భాగం బయాస్ ఇన్‌స్టెబిలిటీని (బయాస్ నిలకడలేమిని), +1/2 వాలుతో ఎక్కే భాగం రేట్ రాండమ్ వాక్‌ను (బయాస్ యాదృచ్ఛికంగా దూరం జరిగిపోవడాన్ని) చూపుతాయి. చదును భాగపు విలువను 0.664తో భాగించాలన్నది చాలామంది మరచిపోయే విషయం. డేటాషీట్‌లో నాయిస్ సాంద్రత 0.005 డిగ్రీలు/సెకను/√హెర్ట్జ్ అని ఉంటుంది. అది ఒకవైపు స్పెక్ట్రం (ధన పౌనఃపున్యాలను మాత్రమే లెక్కలోకి తీసుకునేది) ప్రకారం చెప్పినదైతే, 1 సెకను నిడివి దగ్గర గ్రాఫులో √2తో భాగించిన 0.0035 కనిపించాలి. ఈ తేడా తెలియక నా సెన్సారే మెరుగైనదని చాలాకాలం పొరబడ్డాను.

అసలు కష్టమంతా డేటా సేకరణలోనే ఉంది. బల్ల మీద పెడితే సీలింగ్ ఫ్యాను అదురు కూడా గ్రాఫులోకి వస్తుంది కనుక, నేల మీద నాపరాయి పలకపై అమర్చి, రాత్రిపూట 100 హెర్ట్జ్‌తో 6 గంటలు, అంటే 21,60,000 నమూనాలు తీస్తాను. ఏసీ ఆగి మళ్లీ మొదలయ్యే గదిలో వక్రరేఖపై ఒక మూపురం లేస్తుంది. అది ఉష్ణోగ్రత ప్రభావమే గాని యాదృచ్ఛిక దోషం కాదు. అందుకే చిప్‌లోని ఉష్ణోగ్రత రీడింగును కూడా నమోదు చేసి, ఆ ప్రభావాన్ని ముందుగా తీసివేస్తాను. ఇంత చేసినా, 6 గంటల డేటాలో 1 గంట నిడివి దగ్గరి విలువకు దాదాపు 32 శాతం అనిశ్చితి ఉంటుంది. గ్రాఫు కుడి అంచును నేను నమ్మను.

0.0035 విలువ వల్ల గంటకు పేరుకొనే కోణ దోషం సుమారు 0.2 డిగ్రీలే, సరిదిద్దని 0.01 డిగ్రీలు/సెకను బయాస్ అదే గంటలో 36 డిగ్రీలు తప్పిస్తుంది. కాబట్టి కల్మన్ ఫిల్టర్‌లో (సెన్సార్ రీడింగుల నుంచి అసలు స్థితిని అంచనా వేసే గణిత పద్ధతిలో) యాంగిల్ రాండమ్ వాక్ విలువను దాదాపు యథాతథంగా వాడి, బయాస్ విలువను మాత్రం, కదిలే వాహనంలోని అదురును, వేడిని దృష్టిలో పెట్టుకొని, గ్రాఫు చెప్పినదానికంటే అనేక రెట్లు పెంచి పెడుతున్నాను.